గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండొచ్చా? అసలు భయపడాల్సింది దేనికి?

సంగం (నెల్లూరు జిల్లా): అమ్మాయి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మూడేళ్లుగా ఆ ఇంట్లోనే తిరుగుతున్న పిల్లి ఆమె మంచం కిందే పడుకుంటోంది. చూసి పోదామని వచ్చిన పక్కింటి పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "కడుపుతో ఉన్న పిల్ల దగ్గర పిల్లేందమ్మా.. ముందు దాన్ని ఏడన్నా ఇడిచిపెట్టి రండి" అంటుంది. సాయంత్రానికి ఎవరో ఒకరు దాన్ని గోనెసంచిలో వేసి, బైక్ మీద తీసుకెళ్లి పెన్నా అవతలి ఒడ్డున వదిలేసి వస్తారు. మీ వీధిలోనూ ఇలాంటిది ఒకసారైనా జరిగే ఉంటుంది.

ఆ పెద్దమ్మ భయం పూర్తిగా ఉత్తిదేం కాదు. దాని వెనక నిజంగానే ఓ జబ్బు ఉంది. డాక్టర్లు కూడా పిల్లుల గురించి అడుగుతారు. కానీ పిల్లిని వదిలేసి వచ్చాక ఇంట్లో వాళ్లంతా ఇక గండం గడిచిందనుకుంటారు. సమస్య అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ జబ్బు రావడానికి ఇంట్లో పిల్లి ఉండాల్సిన పనే లేదు.

ఇంతకీ ఏంటా జబ్బు?

పేరు టాక్సోప్లాస్మోసిస్. దీనికి కారణం టాక్సోప్లాస్మా గాండీ అనే ఒక పరాన్నజీవి. కంటికి కనిపించదు. 1908లో ట్యునీషియాలో, గుండి అనే ఎలుకజాతి జంతువులో దీన్ని మొదట గుర్తించారు. అది ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు ఎలా చేరుతోందన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. పిల్లి మలంలో గుడ్లలాంటి రూపంలో బయటకొస్తుందని 1970 నాటి పరిశోధనలు తేల్చాయి. ఆ పని చేసినవాళ్లలో జె.పి. దూబే ఒకరు. మన దేశంలో పుట్టి, ఇక్కడే పశువైద్యం చదివి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త ఆయన.

పిల్లికి ఇది ఎలుకను, పిట్టను, పచ్చి మాంసాన్ని తిన్నప్పుడు వస్తుంది. పిల్లి జాతి కడుపులో మాత్రమే ఈ జీవి ఆ గుడ్లను తయారు చేయగలదు. అందుకే పిల్లికి అంత చెడ్డపేరు.

అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పిల్లి ఈ గుడ్లను జీవితాంతం వదలదు. మొదటిసారి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు మహా అయితే మూడు వారాల పాటు వదులుతుంది. తర్వాత దాని ఒంట్లో రక్షణ వచ్చేస్తుంది. చాలా పిల్లుల విషయంలో మళ్లీ ఆ ఇబ్బంది రాదు. అంటే నాలుగేళ్లుగా మీ ఇంట్లో ఎలుకలు పడుతూ తిరుగుతున్న ముసలి పిల్లి కంటే, నిన్నగాక మొన్న వీధిలోంచి తెచ్చుకున్న పిల్లిపిల్ల గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. కడుపుతో ఉన్నప్పుడు కొత్త పిల్లిపిల్లను ఇంటికి తెచ్చుకోవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఇంకోటి. పిల్లి వేసిన వెంటనే ఆ మలం వల్ల జబ్బు రాదు. గుడ్లు ముదిరి, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఏ రోజు మలం ఆ రోజే తీసేస్తే ముప్పు చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. ఇక పిల్లిని నిమరడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం వల్ల ఈ జబ్బు వచ్చే అవకాశం బాగా తక్కువ. పిల్లి తన ఒళ్లు తనే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ముదిరిన గుడ్లు దాని బొచ్చు మీద నిలవడం కష్టం.

బిడ్డకు ఏమవుతుంది?

మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు ఇది సోకినా తెలియను కూడా తెలియదు. కొందరికి కాస్త జ్వరం, మెడ దగ్గర బిళ్లలు కట్టడం, అంతే. గర్భం రాకముందే ఎప్పుడో సోకి తగ్గిపోయి ఉంటే, ఆరోగ్యంగా ఉన్న తల్లి నుంచి బిడ్డకు వెళ్లడం చాలా అరుదు. ప్రమాదమంతా జీవితంలో మొదటిసారి, గర్భంతో ఉన్నప్పుడు సోకితేనే.

అప్పుడు కూడా లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది. మొదటి మూడు నెలల్లో తల్లికి సోకితే బిడ్డ దాకా వెళ్లే అవకాశం తక్కువ. కానీ వెళ్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. గర్భస్రావం కావొచ్చు, బిడ్డ తలలో నీరు చేరొచ్చు, మెదడు దెబ్బతినొచ్చు. చివరి మూడు నెలల్లో సోకితే బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ, దెబ్బ తక్కువ. పుట్టినప్పుడు ఏ తేడా లేకుండా కనిపించిన బిడ్డకు కూడా కొన్నేళ్ల తర్వాత కంటి రెటీనా దగ్గర సమస్య బయటపడొచ్చు. కాబట్టి "పిల్లి వల్ల ఏం కాదులే" అని నవ్వేసి వదిలేసే విషయం కాదిది.

మరి పిల్లి లేని ఇంట్లో ఎలా వస్తుంది?

2000 సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. యూరప్‌లోని ఆరు నగరాల్లో, గర్భంతో ఉండగా ఈ జబ్బు సోకిన మహిళలను, సోకని మహిళలను పోల్చి చూశారు. ఊరిని బట్టి 30 నుంచి 63 శాతం కేసులకు సరిగ్గా ఉడకని మాంసమే కారణమని లెక్క తేలింది. మట్టిలో చేతులు పెట్టడం వల్ల వచ్చినవి 6 నుంచి 17 శాతం. ఇంట్లో పిల్లి ఉండటం మాత్రం ఆ లెక్కల్లో ముప్పుగా తేలలేదు.

అవి యూరప్ వంటిళ్ల లెక్కలు. మన దగ్గర మాంసం ఎర్రగా, సగం ఉడికించి తినే అలవాటు లేదు. నెల్లూరు చేపల పులుసు అయినా, మటన్ కూర అయినా మెత్తగా ఉడికి నూనె తేలేదాకా పొయ్యి దిగదు. ఆ రకంగా మనం కాస్త నయం. కానీ మన వంటింట్లోనూ కొన్ని కంతలున్నాయి. మటన్‌కి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించాక "ఉప్పు సరిపోయిందా" అని వేలితో తీసి నాలుక మీద వేసుకుంటాం చూడండి, అది పచ్చి మాంసం రసమే. మాంసం కోసిన కత్తిపీట మీదే కీరా, ఉల్లిపాయలు తరుగుతాం. బయట తినే షవర్మా, బొగ్గుల మీద కాల్చిన ముక్కలు పైన నల్లగా ఉన్నా లోపల పచ్చిగా ఉండొచ్చు. ముక్క విరిస్తే లోపల గులాబీ రంగు కనిపించినా, రసం ఎర్రగా కారినా గర్భిణి దాన్ని పక్కన పెట్టేయాలి. మేకపాలు మంచివని పచ్చివి తాగించే ఇళ్లు కూడా ఉన్నాయి. మేకపాల ద్వారా ఇది రావడానికి అవకాశం ఉంది, కాచకుండా తాగొద్దు.

ఇక అసలు విషయం మట్టి, ఇసుక. పెన్నా ఒడ్డు ఊళ్లలో ఇల్లు కట్టే ప్రతి చోటా ఇసుక కుప్ప ఉంటుంది. పిల్లికి అంతకంటే మంచి మరుగుదొడ్డి దొరకదు. తవ్వుతుంది, వేస్తుంది, కప్పేసి పోతుంది. వీధిలో తిరిగే పిల్లులన్నీ రాత్రిపూట అక్కడికే వస్తాయి. మీ ఇంట్లో పిల్లి ఉన్నా లేకపోయినా మీ గుమ్మం ముందు ఇసుక కుప్ప ఉంటే లెక్క ఒకటే. తేమ ఉన్న మట్టిలో ఈ గుడ్లు ఏడాదికి పైగా బతికి ఉండగలవు.

పొలానికి వెళ్లే ఆడవాళ్ల సంగతి చూడండి. నెల్లూరు జిల్లా అంటేనే వరి. నాట్లు, కలుపులు అంటూ నెలలు నిండేదాకా బురదలో చేతులు పెట్టి పనిచేసే గర్భిణులు ఎంతోమంది. పిల్లిని పెంచుకునే తీరిక కూడా ఉండదు వాళ్లకి. "పిల్లిని వదిలేయండి" అన్న ఒక్క ముక్కతో సలహా ముగిస్తే వాళ్లకు దక్కిన సాయం సున్నా. వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. పొలంలోంచి వచ్చి సద్ది మూట విప్పే ముందు సబ్బుతో, గోళ్ల సందులతో సహా చేతులు కడుక్కోవాలి. పెరట్లోంచి కోసిన కొత్తిమీర, ముల్లంగి, టమాటా మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడగాలి. వీలైతే చేతికి తొడుగులు వేసుకోవాలి. పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు పెట్టే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ముగ్గు మానక్కర్లేదు, ముగ్గు పెట్టిన చేత్తో నేరుగా కాఫీ గ్లాసు అందుకోవద్దు.

'టార్చ్' రిపోర్టు చూసి గుండె ఆగినంత పనైందా?

ఈ స్టోరీలో జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే. గర్భస్రావం అయిన వాళ్లకి, స్కానింగ్‌లో తేడా కనిపించిన వాళ్లకి టార్చ్ అనే రక్తపరీక్ష రాస్తుంటారు. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, హెర్పిస్ లాంటి ఇన్ఫెక్షన్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. రిపోర్టులో ఐజీజీ, ఐజీఎం అని రెండు వరుసలుంటాయి. ఏదో ఒకదాని పక్కన పాజిటివ్ అని కనిపించగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఆ రోజే పిల్లి పని కూడా అయిపోతుంది.

ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్ అంటే సాధారణంగా పాత ఇన్ఫెక్షన్ అని అర్థం. ఎప్పుడో వచ్చింది, పోయింది, రక్షణ మిగిలింది. అది మంచి కబురే. రెండూ నెగటివ్ అయితే ఇంతవరకూ సోకలేదు కాబట్టి ఇప్పుడు జాగ్రత్త పడాల్సింది వీళ్లే. ఐజీఎం పాజిటివ్ వస్తే? అప్పుడు కూడా వెంటనే ఒక నిర్ణయానికి రాకూడదు. ఈ ఐజీఎం ఇన్ఫెక్షన్ తగ్గాక నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటినా రక్తంలో కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని కిట్లు లేని దాన్ని కూడా ఉన్నట్టు చూపిస్తాయి. ఒక్క ఐజీఎం ఫలితం పట్టుకుని గర్భిణికి కొత్తగా ఇన్ఫెక్షన్ సోకిందని తేల్చొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 1997లోనే డాక్టర్లను హెచ్చరించింది.

అందుకే రెండో పరీక్ష ఉంది. పేరు ఐజీజీ అవిడిటీ. గర్భం మొదటి నెలల్లో చేసిన ఈ పరీక్షలో అవిడిటీ ఎక్కువ అని వస్తే, ఇన్ఫెక్షన్ కనీసం మూడు నాలుగు నెలల కిందటిదని, అంటే గర్భం రాకముందుదని అర్థం. తక్కువ అని వచ్చినంత మాత్రాన కొత్తదని ఖాయం కాదు, ఇంకా చూడాలి. నిజంగానే కొత్త ఇన్ఫెక్షన్ అని తేలితే స్పైరామైసిన్ లాంటి మందులున్నాయి. అవసరమైతే ఉమ్మనీరు తీసి పరీక్షిస్తారు. అంటే మొదటి రిపోర్టు చేతికి వచ్చిన రోజున గర్భం తీయించుకోవాలా అన్న ఆలోచన దాకా వెళ్లక్కర్లేదు. గైనకాలజిస్టును "అవిడిటీ పరీక్ష చేయించాలా అమ్మా?" అని ఒక్క మాట అడగండి. ఫ్రాన్స్‌లో ఇది ఇంతవరకు సోకని గర్భిణులకు నెలనెలా రక్తపరీక్ష చేస్తారు. మన దగ్గర అలా అందరికీ చేసే పద్ధతి లేదు. డాక్టర్ అవసరమంటేనే చేయించుకోవాలి, ప్యాకేజీలో కలిసొచ్చింది కదా అని కాదు.

ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. ఇంట్లో పిల్లి ఉందని, పొలం పనికి వెళ్తున్నామని అక్కడ చెప్పడం మర్చిపోవద్దు. చాలామంది సిగ్గుపడి చెప్పరు.

పిల్లి ఉన్న ఇంట్లో ఏం చేయాలి?

పిల్లి ఇసుక ట్రేని వేరేవాళ్లు శుభ్రం చేయాలి. భర్త, మరిది, ఎవరైనా సరే. అసలు ఈ తొమ్మిది నెలలూ ఆ పని భర్తదే అని తేల్చేస్తే సగం గొడవ వదిలిపోతుంది. రోజూ చేయాలి, రెండ్రోజులకోసారి కాదు. ఎవరూ లేకపోతే గర్భిణి తొడుగులు, మాస్క్ వేసుకుని చేసి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ట్రేని ఫినాయిల్‌తో కడిగితే చాలనుకుంటారు. ఈ గుడ్లకి ఫినాయిల్, బ్లీచింగ్ పెద్దగా పనిచేయవు. మరుగుతున్న నీళ్లు పోసి ఐదు నిమిషాలు వదిలేస్తే పని జరుగుతుంది.

పిల్లికి పచ్చి చేప తలకాయలు, కోడి పేగులు వేయడం ఆపేయాలి. ఉడికించి పెట్టండి, లేదా పిల్లుల మేత కొనండి. వీలైనంతవరకు ఇంట్లోనే ఉంచితే ఎలుకల వేట తగ్గుతుంది. "పిల్లికే రక్తపరీక్ష చేయిస్తే పోలా?" అని అడిగేవాళ్లున్నారు. దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. పాజిటివ్ వచ్చిన పిల్లి చాలావరకు గుడ్లు వదిలే దశ ఎప్పుడో దాటేసి ఉంటుంది.

అన్నట్టు, పెంచుకున్న జంతువును ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! అరవై ఏళ్ల కిందటి రేటు మరి. పైగా పిల్లిని నది దాటించినా దారి వెతుక్కుంటూ తిరిగి రావొచ్చు. వీధుల్లో ఆకలితో ఎలుకలు తిని వచ్చిన పిల్లి, ఇంట్లో ఉడికించిన అన్నం తిన్న పిల్లి కంటే ఎక్కువ ముప్పు.

గీరితే, కరిస్తే..

మన ఊళ్లలో టాక్సోప్లాస్మా కంటే ముందు తలుచుకోవాల్సింది రేబిస్. మన దేశంలో ఎక్కువ కేసులు కుక్కల వల్లే, కానీ పిల్లి నుంచి కూడా వస్తుంది. వచ్చాక బతికించే మందు లేదు. రావాల్సిన ముందే ఆపాలి. అయినా "కడుపుతో ఉన్నప్పుడు సూది వేయించుకుంటే బిడ్డకు దెబ్బ" అని ఆగిపోయే వాళ్లున్నారు. ఇది ప్రాణం తీసే అపోహ. రేబిస్ టీకా గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు సురక్షితమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ముందు కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో టీకా ఇస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రక్తం వచ్చేలా కరిస్తే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అవసరం కావొచ్చు. కాన్పు తేదీ దగ్గర పడిందని మధ్యలో డోసు మానేయకూడదు. ఇంటి పిల్లికి మూడు నెలలు దాటాక రేబిస్ టీకా వేయించండి. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు, మీ దగ్గర అడిగి చూడండి.

బిడ్డ ఇంటికొచ్చాక..

బెంగాల్‌లో పసిపిల్లలను కాపాడే షష్ఠీదేవికి పిల్లే వాహనం. మన దగ్గర పిల్లి ఎదురొస్తేనే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగుతాం. "పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకు ఆయాసం వస్తుంది" అన్న మాట కూడా వినే ఉంటారు. వెంట్రుక మింగితే ఉబ్బసం రాదు. పిల్లి ఎలర్జీకి కారణం దాని ఉమ్మి, చర్మంలో ఉండే ఒక ప్రొటీన్. ఎలర్జీ ఉన్నవాళ్లకి అది గాల్లోంచి తగిలినా తుమ్ములు, పిల్లికూతలు రావొచ్చు. తల్లికో తండ్రికో ఉబ్బసం ఉంటే పిల్లల డాక్టర్‌కి ముందే చెప్పండి. అదే ఇంట్లో రోజూ రెండు పూటలా గది నిండా సాంబ్రాణి పొగ వేసి, పిల్లి బొచ్చు గురించి గొడవపడటం మాత్రం విచిత్రంగా ఉంటుంది. పసివాళ్ల ఊపిరితిత్తులకు ఆ పొగ అస్సలు మంచిది కాదు.

నిజమైన ప్రమాదం ఉయ్యాల దగ్గర ఉంది. పిల్లికి వెచ్చదనం ఇష్టం. నలుగు పెట్టి స్నానం చేయించి, గుడ్డలో చుట్టి పడుకోబెట్టిన బిడ్డ కంటే వెచ్చని చోటు ఇంట్లో ఉండదు. చీర ఉయ్యాలలోకి దూకి బిడ్డ మొహం పక్కన పడుకుంటే, తల పక్కకు తిప్పుకోలేని పసికందుకు ఊపిరి ఆడకపోవచ్చు. కాబట్టి మొదటి కొన్ని నెలలు బిడ్డ, పిల్లి మాత్రమే ఒక గదిలో ఉండకూడదు. నిద్రపోయేటప్పుడు తలుపు వేసేయండి. గొడుగులా తెరుచుకునే దోమతెర పిల్లిని ఆపుతుందని నమ్ముకోవద్దు, దాని బరువుకి తెరే బిడ్డ మీద పడుతుంది.

పిల్లిని కొట్టి తరిమితే అది బిడ్డ వాసనను దెబ్బలతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. ఆసుపత్రి నుంచి బిడ్డ రాకముందే బిడ్డకు వాడిన గుడ్డ ఒకటి ఇంటికి పంపి పిల్లి వాసన చూసేలా చేయండి. ఉయ్యాల కూడా కొన్ని రోజుల ముందే కట్టండి, ఎక్కబోతే దింపేయండి. మన పద్ధతిలో ఇంకో చిక్కుంది. పిల్లి అత్తగారింట్లో ఉంటే, తల్లి మూడో నెలకో ఐదో నెలకో బిడ్డతో తిరిగొస్తుంది. అన్నాళ్లు ఇల్లంతా తనదే అనుకున్న పిల్లికి ఒక్కసారిగా ఏడుపులు, చుట్టాలు, కొత్త వాసనలు. మొదటి వారం అది అటక మీదే ఉండిపోయినా బలవంతంగా కిందికి దించొద్దు. దాని తిండి వేళ మార్చకండి, తనంతట తనే దిగొస్తుంది.

బిడ్డ పాకడం మొదలెట్టాక మళ్లీ ఇసుక దగ్గరికే వస్తాం. ఆ వయసులో చేతికి దొరికిందల్లా నోట్లోకే పోతుంది. పిల్లి కడుపులోని నులిపురుగుల గుడ్లు కూడా ఇసుకలోనే ఉంటాయి. ఇంటి పిల్లికి పశువుల డాక్టర్‌ను అడిగి క్రమం తప్పకుండా నులిపురుగుల మందు వేయించండి. గుమ్మం ముందు ఇసుక కుప్ప ఉంటే సాయంత్రం పని అయిపోగానే పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి.